సొరకాయ పాట

మా చర్చిలో కోత పండుగ అంటే నాకిప్పుడు ఒళ్లు కంపరమెత్తుతుంది. ఆరాధన అయ్యాక, అందరూ దేవుడికి తెచ్చిన పళ్లు, కోళ్లు, కేకులు బల్ల మీద పెట్టి వేలం వేస్తారు. దాన్నే మేం పాట అంటాం. వచ్చిన డబ్బు బీదల నిధికి వెళుతుంది.

నిరుడు పాట నడిపిన సంఘ పెద్దకు కార్ఖానా బజార్లో రెండు షాపులున్నాయి. "దేవుని ముందు గొప్పా బీదా తేడా లేదు" అని మొదలుపెట్టాడు. ఆ వెంటనే ఒక్క నిమ్మకాయ కోసం ఇద్దరు బిల్డర్లు పోటీపడితే అది ఐదు వేలు దాటింది. కలిమికి అందరూ చుట్టాలే అంటారు. ఆ పూట హాలంతా నిమ్మకాయకు చుట్టాలే.

చర్చి ఊడ్చే ఆమె మొదటిసారి కానుక తెచ్చింది. బొల్లారంలో తన రేకుల ఇంటి మీదికి పాకించిన తీగకు కాసిన తొలి సొరకాయ. బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చింది. పొద్దున నన్ను ఆపి, "టీచరమ్మా, నాది సుత పాడ్తరా?" అని రెండుసార్లు అడిగింది. ఎందుకు పాడరు అన్నాను.

సొరకాయ వంతు వచ్చింది. పెద్దాయన చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తి, "పది రూపాయలైనా పాడండి" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. పది పాడితే చిన్నతనం, వెయ్యి పాడితే వెర్రితనం అనుకుంటూ కూర్చున్నాను. చివరికి వెనక వరసలోంచి ఆమే లేచింది.

"నేనే పాడ్తనయ్యా. వంద."

"విశ్వాసమంటే ఇదీ" అన్నాడు పెద్దాయన. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ఆ చేతులంటే నాకు ఇప్పటికీ రోత.

భోజనాల దగ్గర, చేతినిండా బంగారు గాజులున్న ఒకావిడ బిర్యానీ కలుపుకుంటూ, "వాళ్లకేం టెన్షన్లుంటయండి, ఉన్నదాంట్ల హ్యాపీ. తక్లీఫంతా మన మిడిల్ క్లాసోళ్లకే" అంది. పక్కవాళ్లు తలూపారు. నేను చెయ్యి కడుక్కుని బయటికొచ్చాను.

గేటు దగ్గర ఆమె సొరకాయ చంకన పెట్టుకుని నా కోసం ఆగి ఉంది. మొహంలో కోపం లేదు. కాయకు గోరు గుచ్చి చూపించింది.

"జెర చూడుండ్రి, గోరు దిగుతుంది. లేతదే. మరెందుకు పాడలే ఎవ్వరు?"

"మా ఇళ్లల్లో సొరకాయ ఎవరూ తినరమ్మా" అని అబద్ధమాడాను.

"గట్లనా" అంది, తప్పు తనదే అన్నట్టు. "ముందే ఎరికుంటే వేరే విత్తు పెట్టెదాన్ని గదమ్మా."