చనిపోయినవాడి రివాల్వర్

నెడ్రా టోలెఫ్‌సన్‌కి భయం ముందు మోకాళ్ళలో మొదలవుతుంది. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఆవిడ తెలియనివ్వదు కూడా. ఆవిడది కాలువ మీద లస్కరు పని. ఈ సోమవారం నీళ్ళు వదులుతారు. ఆ రోజు నుంచి మళ్ళీ మంచు పడేదాకా పొద్దున్నే ఒక్కతే పోయి తూములు ఎత్తాలి, దించాలి, కొట్టుకొచ్చిన చెత్త లాగిపారెయ్యాలి. రెండో తూము దాకా అంతా పచ్చికబయలే. మూడో తూము దగ్గర మాత్రం విల్లో పొదలు మనిషెత్తున అల్లుకుపోయి ఉంటాయి. కిందటి సెప్టెంబరులో ఆమె మొగుణ్ణి ఎలుగుబంటి చంపింది ఆ పొదల్లోనే.

మొగుడు ఆర్లెన్ కూడా ఆ కాలువకే లస్కరు. చేతిలో రివాల్వర్ ఉండగానే పోయాడు, ఒక్క గుండూ పేలలేదు. "కొయ్యబారిపోయాడు, పాపం" అన్నారు ఊళ్ళోవాళ్ళు. పాపం అని చివర తగిలించారు గాని, దాని వెనకాల సన్నటి నవ్వు ఉందని నెడ్రాకి తెలుసు. మోంటానా కొండల కింద పశువుల మధ్య పుట్టి పెరిగిన మగాడు భయపడి చచ్చాడంటే, మనిషి కన్నా ఆ మాటే ఎక్కువ కాలం బతుకుతుంది. ఆవిడ దిగులు ఇంకొకటి. అంత గుండెదిటవు గల ఆర్లెనే కొయ్యబారిపోతే తనెంత? ఎలుగు ఎదురొచ్చిన క్షణాన తన వేలు కదులుతుందా?

అందుకే రివాల్వర్ పట్టి చూసి కొనుక్కుందామని శనివారం వెర్ల్ కొట్టుకి వచ్చింది. వెర్ల్ కిబీ కొట్లో పాత తుపాకులు, గేలాలు, జీనులు అమ్ముతాడు. పొయ్యి పక్కన బాయ్డ్ స్ట్రాండ్ కూర్చుని నీళ్ళలాంటి కాఫీ తాగుతున్నాడు. ఆయన కాలువ కమిటీకి పెద్ద. నోటికి మాత్రం తూమూ లేదు తలుపూ లేదు.

"ఎలుగు మొహాన కొట్టే కారం డబ్బా పట్టుకుపోరాదుటే నెడ్రా! రివాల్వర్ ఎలుగుకి దోమకాటు" అన్నాడు బాయ్డ్.

"మన గాలికి ఆ కారం నా కళ్ళలోనే పడుతుంది బాబాయ్. అదీ పట్టుకుపోతా, ఇదీ పట్టుకుపోతా."

"పట్టుకుపోవడం సరే. పేల్చడం మీ ఇంటావంటా ఉందా అని."

వెర్ల్ ఆయనకేసి గుర్రుగా చూసి, గాజుబల్ల మీద గుడ్డ పరిచి రెండు రివాల్వర్లు పెట్టాడు. రెండూ మాగ్నం అనే పెద్ద గుండు పేల్చేవే, రెండూ వాడినవే. మరీ బరువు కాదు, మరీ తేలికా కాదు, నడుముకి కట్టుకుని రోజంతా నడవొచ్చు. ఒకటి నలుపు పోయి బూడిదరంగు తేలింది. రెండోది నిగనిగలాడుతోంది. దాని పిడి మీద చిన్న పెచ్చు ఊడి ఉంది. ఆ పెచ్చు చూడగానే నెడ్రా మోకాళ్ళు పట్టు తప్పాయి. అది ఆర్లెన్‌ది. అంత్యక్రియల మర్నాడు కళ్ళు పక్కకి తిప్పుకుని, తువ్వాల్లో చుట్టి, ఆవిడే ఇక్కడ అమ్మేసింది.

"ఇంకోటి లేదా అన్నా?"

"ఈ సైజులో ఈ రెండే ఉన్నాయమ్మా. దాచకుండా చెబుతున్నా, బూడిదదానికి ఒక రోగం ఉంది. చూడు." వెర్ల్ గుండుని కొట్టే హామర్‌ని మెల్లగా వెనక్కి లాగుతూ గుండ్ల చక్రం తిరగడం చూపించాడు. అయిదు గదులకీ చక్రం టక్కున కుదురుకుంది. ఆరో గదికి వెంట్రుకవాసి ముందే ఆగిపోయింది. "అలా ఆగితే గుండు గొట్టానికి ఎదురుగా ఉండదు. పేలితే ప్రమాదం, పేలకపోతే ఇంకా ప్రమాదం."

"మరి రెండోది?"

వెర్ల్ గొంతు సవరించుకున్నాడు. "తెలీదు. నేను పైపైన నూనె రాసి అలాగే ఉంచాను. నువ్వు లాగకుండా నేనెలా లాగుతాను?"

ఆ లోయలో అదొక పద్ధతి. పోయినవాడి తుపాకి ట్రిగ్గర్ ముందు ఇంటివాళ్ళు లాగాలి, ఆ తరవాతే పరాయివాడు లాగాలి. పద్ధతా పరీక్షా అంటే అక్కడ పద్ధతే గొప్ప. అందుకని ఆ రివాల్వర్ చలికాలమంతా కింది అరలో అలాగే పడుంది. ఆర్లెన్ పోయిన రోజు దాన్లోంచి గుండ్లు తీసిన పోలీసాయన చక్రం మొరాయించిందనీ, బురద పట్టి ఉంటుందనీ అన్నాడట. అంతకు మించి ఎవరూ చూడలేదు.

నెడ్రా దాన్ని చేతిలోకి తీసుకుంది. చక్రం తెరవబోతే బిర్రుగా వచ్చింది. గదులన్నీ ఖాళీ. వెర్ల్ కూడా చూసి తల ఊపాక మూసి, గోడకున్న దుప్పి తలకేసి గురిపెట్టి ట్రిగ్గర్ లాగింది.

కదల్లేదు.

వేలి కణుపు తెల్లబడింది. చెవుల్లో హోరు. తనకీ వచ్చేసింది, ఆర్లెన్‌కి వచ్చింది తనకీ వచ్చేసింది అనుకుంది. ఎలుగు లేదు, పొదలు లేవు, ఎదురుగా గడ్డి కుక్కిన దుప్పి తల. దానికే వేలు కదలకపోతే సోమవారం గతేమిటి? 

బాయ్డ్ కిసుక్కున నవ్వాడు. "చెప్పలా? ఇంటి జబ్బు."

"నోర్ముయ్ బాయ్డ్. ఇలా తే అమ్మా." వెర్ల్ అందుకుని తానూ లాగాడు. కదల్లేదు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. గొట్టం కింద సన్నటి కడ్డీ ఉంటుంది, పేలిన గుండ్ల తొడుగుల్ని బయటికి తోసేది. దాన్ని రెండు వేళ్ళతో తిప్పితే మరమేకులా తిరిగి బిగుసుకుంది. మళ్ళీ లాగాడు. ట్రిగ్గర్ వెన్నలా వచ్చింది. హామర్ టప్పుమంది.

"ఈ రకంలో కడ్డీ మర వదులైతే ముందుకి జరిగి చక్రాన్ని పట్టేస్తుంది. బండి కుదుపులకి వదులైపోయింది కాబోలు." వెర్ల్ మాట సన్నగిల్లింది. "ఏనుగు లాగినా కదలదు."



"అయితే ఆయన లాగాడు" అంది నెడ్రా.

వెర్ల్ తల దించుకున్నాడు. పద్ధతి పేరు చెప్పి చలికాలమంతా ఒక మనిషిని పిరికివాడిగా అరలో పడుకోబెట్టాడు మరి.

నెడ్రా రివాల్వర్ తీసుకుని కడ్డీని మళ్ళీ వదులు చేసింది. తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్ళి బాయ్డ్ చేతిలో పెట్టింది.

"ఆ దుప్పి మీదకి లాగు బాబాయ్."

బాయ్డ్ లాగాడు. రెండు వేళ్ళు పెట్టి లాగాడు.

"ఇంకా గట్టిగా. అది పొదల్లోంచి వచ్చేసింది. లాగు. మీద పడింది బాబాయ్, లాగు!"

బాయ్డ్ మొహం పాలిపోయింది. రివాల్వర్‌ని బల్ల మీద పెట్టి టోపీ తీశాడు. 

"ఇదే తీసుకుంటా అన్నా. కడ్డీ బిగించి ఇవ్వు" అంది నెడ్రా.

సోమవారం నీళ్ళు వచ్చాయి. రెండో తూము దాటాక తడిమట్టిలో పెద్ద ఎలుగు పంజా గుర్తులు ఉన్నాయి, అంచులు ఇంకా ఆరలేదు. నెడ్రా మోకాళ్ళు వణికాయి. వేళ్ళతో కడ్డీ తడుముకుంది, బిగువుగానే ఉంది. అక్కడ పొదల్లోకి వెళ్ళేవాళ్ళు ఎలుగు ఉలిక్కిపడకుండా ముందే గట్టిగా కేకేస్తారు, ఏదో ఒక మాట.  

"ఆర్లెన్ లాగాడు!" అని అరిచింది. పొదలు గాలికి ఊగాయి. మళ్ళీ అదే మాట అరుచుకుంటూ, వణుకుతూనే మూడో తూము దగ్గరికి నడిచింది.