గేటు దగ్గర విప్పిన పొట్లం

మలయాలో హుటాన్ మెలింటాంగ్ చుట్టుపక్కల కొబ్బరి ఎస్టేట్లలో కాంతయ్య మాస్టారంటే మాటలు కాదు. లయన్లనే కూలీల ఇళ్ల వరసల వెనక తెలుగు బడి పెట్టింది ఆయన. రామమందిరానికి రేకులు వేయించింది ఆయన. దొర ఎదుట నిలబడి పిల్లలకు పలకలు ఇప్పించిందీ ఆయనే. ఈ సంగతులు అందరికీ తెలుసు. తెలియనివాళ్లకు ఆయనే చెప్పేవాడు.

అవి బ్రిటిషువాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకు తిండి చేరకూడదని ఎస్టేటు చుట్టూ ముళ్లకంచె వేశారు. గేటు దాటే ప్రతి సంచీనీ గూర్ఖా సిపాయిలు సోదా చేసేవారు. వాళ్లలో తుల్‌బీర్ అనే యువకుడికి మాస్టారంటే గురి. “గురూజీ” అని సెల్యూట్ కొట్టి, సంచీ తాకకుండా పంపేవాడు. ఆ సెల్యూట్ కోసం మాస్టారు పనిలేకపోయినా గేటు వైపు వెళ్లొచ్చేవాడు.

మందిరంలో భజన పుస్తకానికి చెద పట్టడం తుల్‌బీర్ చూశాడు. సెలవుకి నేపాల్ వెళ్లి వస్తూ ఒక కాగితాల చుట్ట తెచ్చి, రెండు చేతులా అందించాడు. ఆ కాగితం చెయ్యాలంటే కొండ మీది పొద బెరడు ఒలిచి, బూడిద నీళ్లలో ఉడకబెట్టి, మెత్తగా దంచి, ఏట్లో చట్రం మీద పోసి, ఎండబెట్టాలట. చెద ముట్టదట. దస్తావేజులూ దేవుడి పుస్తకాలూ దీని మీదే రాస్తారట.

“మా అమ్మ చేసింది గురూజీ,” అన్నాడు మలాయ్ భాషలో.

మాస్టారు సగమే విన్నాడు. మిగతా సగంలో పలకల కథ చెబుతున్నాడు.

ఇంట్లో ఉక్కు పాళీతో రాయబోతే అది పీచుకు తగులుకుని సిరా చిమ్మింది.

“ఇది కాయితమా, గోనెగుడ్డా? అంచులు సూడు, ఎలక కొరికినట్టు!” అన్నాడు భార్యతో.

“మరి దీన్నేటి సెయ్యమంటావు?” అంది వెంకమ్మ.

“పొట్లాలకి పనికొస్తాదిలే.”

“పాపం, అంత దూరం నుంచి మోసుకొచ్చినాడయ్యా.”

“మోసుకొస్తే? బళ్లో సెప్పేవోళ్లం, మన పరువు మనం సూసుకోవద్దా?”

మెర్డెకా దగ్గరపడింది. స్వాతంత్ర్యం వచ్చే రోజున ఇపో పట్నంలో జరిగే సభలో తన పిల్లల చేత పాట పాడించాలని మాస్టారి ఆశ. అక్కడి తెలుగు సంఘం పెద్దకు ఎండుచేపలంటే ప్రాణమని వెంకమ్మ చేత పొట్లం కట్టించాడు.

“గేటు కాడ పట్టుకోరా?” అందామె.

“మాస్టారి సంచి ఎవుడు సూస్తాడే!”

ఆ రోజు గేటు దగ్గర తెల్ల ఆఫీసరు నిలబడి ఉన్నాడు. తుల్‌బీర్ “మాఫ్, గురూజీ” అని గొణిగి, సంచీలో చెయ్యి పెట్టి పొట్లం తీశాడు. వెనక వరసలో ఉన్న కూలీ మునుసామి ముక్కు ఎగబీల్చాడు.

“ఏటి మాస్టారూ, ఎండుసేపలు గూడా బళ్లో సదువుతున్నాయా?”

వరసంతా గొల్లుమంది. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. కానీ అసలు సిగ్గు ఇంకా రాలేదు.

పొట్లం విప్పుతున్న చేతులు ఆగిపోయాయి. తుల్‌బీర్ చేపల్ని చూడటం లేదు, కాగితాన్ని చూస్తున్నాడు. చేపల్ని జప్తు బుట్టలో పోశాడు. అంటుకున్న పొలుసుల్ని గోటితో ఒక్కొక్కటే తీశాడు. ఉప్పునీరు ఊరినా ఆ కాగితం ఎక్కడా చిరగలేదు. దాన్ని మడతపెట్టి, రెండు చేతులా ఇచ్చాడు.

“తిండి సర్కారుది. కాగితం మీది,” అన్నాడు. గురూజీ అనలేదు.

“మా అమ్మ చేసింది” అన్న మాట మాస్టారి చెవిలో అప్పుడు పడింది. ఆఫీసరు మందలించి వదిలేసినా ఆయనకు వినపడలేదు. ఇపో బస్సు వచ్చి ఆగి, వెళ్లిపోయింది. బడి పెట్టిన మనిషి, మందిరానికి రేకులు వేయించిన మనిషి, చేపకంపు కొట్టే కాగితం చేతపట్టుకుని రోడ్డు పక్క కల్వర్టు మీద కూలబడ్డాడు. ఎదురుగా ఎవరు నడిచి వెళ్లినా తల ఎత్తలేకపోయాడు.

పొద్దువాలి తుల్‌బీర్ డ్యూటీ దిగాక మాస్టారు ఎదురెళ్లి నిలబడ్డాడు.

“ఎమాక్ నామా అపా?” అమ్మ పేరేమిటని మాత్రం అడగగలిగాడు.

తుల్‌బీర్ ఆయన చేతిలోని కాగితం వైపు చూశాడు.

“దిల్‌మాయా.”

“దిల్లమ్మా?”

“కాదు. దిల్‌మాయా.”

మాస్టారు తల వంచుకునే మళ్లీ పలికాడు. ఈసారి తప్పు లేదు. తుల్‌బీర్ చిన్నగా తలూపి, సెల్యూట్ చెయ్యకుండానే క్యాంపు వైపు నడిచాడు.