సెలా దగ్గర ఆగినవాడు

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. పిల్లిని చూసి పులి అనను గానీ, పులికి దగ్గర చుట్టమైన పిల్లి అంటాను. ఆ రోజుల్లో మదనపల్లెలో ఒక మిషను బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. పగలంతా రెండూ రెండూ నాలుగే అని పిల్లల చేత ఒప్పించి బయటికి వచ్చేసరికి, ఆ నాలుగు నాకే మరీ బక్కచిక్కినట్టు కనిపించేది. దానికి కాస్త తిండి పెట్టి నలుగురిలోకీ తీసుకెళ్ళేవాణ్ణి. అందుచేత ఇందులో కొలతలు వచ్చిన చోటల్లా చదివేవాళ్ళు తమకు తోచినంత తగ్గించుకోవచ్చు. అయితే ఉన్నదాన్ని పెంచడం వేరు, లేనిదాన్ని పుట్టించడం వేరు. ఇందులో నేను పుట్టించినది ఒక్కటే ఉంది. అదేదో ఆఖరున ఒప్పుకుంటాను.

సెలా అనే మాటను మా క్రైస్తవుల ఇళ్ళలో పుట్టిన బిడ్డలు నడక రాకముందే వింటారు. బైబిలు కీర్తనల్లో కొన్ని చరణాల చివర, లోపలికి రావాలా వద్దా అని గడప మీద తచ్చాడే చుట్టంలా, బ్రాకెట్ల మధ్య ఒంటరిగా నిలబడి ఉంటుంది. హెబ్రీ మాట. గ్రంథమంతా తెలుగు చేసిన పెద్దలు దీని దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేసి, ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలేశారు. దాని అర్థం ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియదు గనుక అందరికీ తెలుసు. చదివేటప్పుడు దాన్ని పైకి పలకాలా, మింగెయ్యాలా, అక్కడ ఆగాలా, ఆగితే ఎంతసేపు ఆగాలి, అన్న విషయం మీద మా వాళ్ళు యుద్ధం నడిచిన రోజుల్లో కూడా జర్మనీ గురించి కంటే ఎక్కువగా వాదించుకున్నారు.

నాకు ఆ మాటతో పని పడింది పెళ్ళి వల్ల. ఒక కోతల పండుగ నాడు చర్చి ఆవరణలో నేను చుట్టూ జనాన్ని చేర్చుకుని, కొండ మీద చూసిన చిరుతపులి సంగతి చెబుతున్నాను. ఆడపిల్లల హాస్టలు నుంచి వచ్చిన గుంపులో ఒకమ్మాయి పక్కనున్న స్నేహితురాలితో, నాకు వినపడేటట్టే అంది.

"నిన్న సెప్పినప్పుడు దాని తోక ఇంత పొడుగు లేదు కదమ్మే."

చిరుత అక్కడికక్కడే చచ్చిపోయింది. అంతవరకు నా మాటలు విని నవ్వినవాళ్ళున్నారు, నమ్మినవాళ్ళున్నారు, దులుపుకుని లేచిపోయినవాళ్ళున్నారు. కొలత గుర్తు పెట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే. చేసుకుంటే ఈమెనే చేసుకోవాలని ఆ క్షణాన్నే నిశ్చయించుకున్నాను.

ఆమెది కుప్పం. తల్లి లేదు. తండ్రి అక్కడి మిషను బడిలో హెడ్మాస్టరు. మిషను ఆసుపత్రిలో కాంపౌండరుగా ఉన్న మా పెదనాయన వాళ్ళకు కబురంపి సంబంధం కదిపాడు. రమ్మని కబురు వచ్చింది. నేను ఎగిరి గంతేశాను గానీ పెదనాయన మొహంలో సంతోషం లేదు.

"పిల్ల మంచిది. ఇల్లు మంచిది. కష్టమంతా వాళ్ళ సాయంత్రం ప్రార్థనలో ఉండాది" అన్నాడు. "వచ్చినోని చేత కీర్తన సదివిస్తారు. బెంగుళూరు నుంచి బి.ఏ. పాసయినోడు వచ్చినాడు. సదివినాడు. కూడు పెట్టి పంపించేసినారు. చిత్తూరు నుంచి ప్లీడరు గుమాస్తా వచ్చినాడు. వానికీ అంతే."

"యాల పెదనాయనా?"

"సెలా కాడ తప్పినారంట. ఏం తప్పినారో చెప్పరు. హెడ్మాస్టరుకు అమ్మ ఉండాది, ముసలామె. ఆ ఇంట్లో ఆమె మాటే మాట. బువ్వ తిన్నాక తల అడ్డంగా ఊపిందా, ఇంక నువ్వు బస్సెక్కేదే."

"అసలు ఆ మాటకు అర్థం ఏంది?"

మదనపల్లెలో అప్పట్లో ఏ విషయమైనా చివరికి ఊపిరితిత్తుల దగ్గరికే వచ్చేది. ఆ ఊరి గాలి కోసం ఎక్కడెక్కడి నుంచో క్షయ రోగులు వచ్చేవారు. టీ అంగడి దగ్గర కూర్చున్నవాడు కూడా ఎదుటివాడి దగ్గు విని కుడివైపో ఎడమవైపో చెప్పగలిగేవాడు. పెదనాయన గొంతు తగ్గించి రహస్యం విప్పాడు.

"కీర్తనలు కట్టిన రాజు పాడతా పాడతా ఆయాసపడినాడు. పక్కనే రాజవైద్యుడు ఉండాడు. 'సామీ, ఈడ ఆగి ఊపిరి పీల్చుకోండి' అని గుర్తు పెట్టినాడు. కీర్తన రాసింది రాజు, సెలా రాసింది డాక్టరు. అందుకే అది యెవురికీ అర్థం గాలేదు. డాక్టర్ల రాత సదవాలంటే కాంపౌండరు గావాల."

ఇరవై ఏళ్ళుగా మందు చీటీలు చదివిన మనిషితో ఏం వాదిస్తాం. ఆ మాటను పలకకుండా, గుండె నిండా ఊపిరి తీసుకుని, నిదానంగా వదలడం నా చేత సాధన చేయించాడు. బస్సెక్కేటప్పుడు మాత్రం భుజం పట్టుకుని ఇంకొక మాట అన్నాడు.

"ఊపిరి సంగతి నేర్పించినాను. నీ నోటి సంగతి నా చేతిలో లేదు. వాళ్ళు ఏమన్నా అడిగితే తెలీదను. నువ్వు వాగినావంటే ఆ పిల్ల దక్కదు."

యుద్ధం వల్ల పెట్రోలు దొరకక, బస్సుల వెనక బొగ్గుల పొయ్యి తగిలించి ఆ గ్యాసుతో నడిపేవారు. ఎక్కడం వచ్చిన ప్రతిచోటా బస్సు ఆయాసపడేది, మేం దిగి నెట్టేవాళ్ళం. నా అంచనా ప్రకారం మదనపల్లె నుంచి పుంగనూరు దాకా ఆ బస్సు మమ్మల్ని మోసిన దూరం కంటే మేం దాన్ని మోసిన దూరమే ఎక్కువ. పుంగనూరు చేరేసరికి పొయ్యి పూర్తిగా చల్లారిపోయింది. డ్రైవరు దాన్ని బాగుచేసేదాకా మా నాయనకు తెలిసిన ఒక శెట్టిగారి చింతపండు మండీ అరుగు మీద కూర్చున్నాను.

ఇక్కడ పుంగనూరు ఆవు గురించి ఒక మాట చెప్పాలి. జీవితంలో నేను పెంచి చెప్పలేకపోయిన ప్రాణి అదొక్కటే. ఎంత పెంచినా మామూలు ఆవంత అవుతుంది, అంతే. దాని విషయంలో తగ్గించి చెప్పడమే గొప్ప. శెట్టిగారి ఆవు ఈనిన దూడ ఆ రోజు నా చెప్పుల పక్కనే పడుకుంది. లేచేటప్పుడు చెప్పనుకుని దాంట్లో కాలు పెట్టబోయాను.

ఊరికే కూర్చోవడం ఎందుకని కీర్తన సాధన మొదలుపెట్టాను. శెట్టిగారు చింతపండు గింజలు తీయిస్తూ కాసేపు విన్నారు.

"ఆడాడ నిలబడిపోతాండావు యాలప్పా? మరిసిపోతాండావా?"

సంగతంతా చెప్పాను. పెళ్ళి ఆ మాట మీద వేలాడుతోందని కూడా చెప్పాను. ఆయన నా మీద జాలిపడ్డారు.

"ఒక ముని శిష్యునికి మంత్రం చెప్తా ఉండాడు. మధ్యలో దూడ తాడు తెంపుకోని ఆవు కాడికి పరిగెత్తింది. ముని దాన్ని అదిలించినాడు. శిష్యుడు మహా భక్తుడు గదా, ఆ అదిలింపు గూడా కంఠతా పట్టేసినాడు. వాడు వాని శిష్యులకు చెప్పినాడు, వాళ్ళు వాళ్ళ శిష్యులకు. దేశదేశాలా అందరూ దూడను అదిలిస్తానే ఉండారు. మీ మాట గూడా అట్లాంటిదే అయ్యుంటుంది."

"ఇది యే పుస్తకంలో ఉండాది శెట్టిగారూ?"

"పుట్టినకాణ్ణుంచి ఈ అరుగు మీదనే కూర్చోనుండాను. నాకు పుస్తకం దేనికప్పా?"

నేను పెంచింది ఉత్త చిరుత తోక. ఆయన నోట్లో తాంబూలం తీయకుండానే ఒక మునిని, ఆయన దూడను, దేశదేశాల శిష్యపరంపరను పుట్టించారు. గురువుగారిని కలుసుకున్నంత గౌరవం కలిగింది.

పలమనేరులో బస్సు మారి, బైరెడ్డిపల్లె దుమ్ము కొంత, శాంతిపురం దుమ్ము కొంత మింగి, దీపాలు పెట్టే వేళకు కుప్పం చేరాను. ఆ ఊళ్ళో మనిషి తెలుగులో పలకరించి, అరవంలో బేరమాడి, కన్నడంలో తిట్టి, మళ్ళీ తెలుగులో రాజీపడతాడు. హెడ్మాస్టరు గారి ఇల్లు రైలుకట్ట పక్కనే. "వందనాలండీ" అంటే "వందనాలు నాయనా, కాళ్ళు కడుక్కోండి" అన్నారు. చాప మీద ఆయన, గోడకు ఆనుకుని ఆయన తల్లి కూర్చున్నారు. వంటింటి గడప పక్కన, సెలవులకు ఇంటికి వచ్చిన ఆ అమ్మాయి. లోపల పొయ్యి మీద ఎసరు మరుగుతున్న చప్పుడు. భోజనానికి ముందు ప్రార్థన ఆ ఇంటి పద్ధతి.

లాంతరు నా ముందుకు జరిపి, హెడ్మాస్టరు గారు కీర్తన తీసి ఇచ్చారు. అందులో సెలా మూడు చోట్ల ఉంది.

మొదటి సెలా వచ్చింది. పలకలేదు. పెదనాయన చెప్పినట్టు ఊపిరి తీసుకున్నాను. తండ్రీ, అవ్వా కళ్ళు మూసుకున్నారు. అమ్మాయి మాత్రం చప్పుడు చేయకుండా లేచి లోపలికి వెళ్ళిపోయింది. నేను నచ్చక వెళ్ళిపోయిందనుకున్నాను. నేను ఊపిరి వదలడం ఇంకా పూర్తికాకముందే వచ్చి కూర్చుంది. వేళ్ళకు రాగిపిండి అంటుకుని ఉంది.

రెండో సెలా. మళ్ళీ లేచింది. ఈసారి లోపల నుంచి తెడ్డు కుండకు తగులుతున్న చప్పుడు వినిపించింది. అప్పుడు నా మట్టిబుర్రకు వెలిగింది. మరిగే ఎసట్లో పిండి పోసింది, ఇప్పుడు సంగటి కెలుకుతోంది. అవ్వ వైపు చూశాను. కళ్ళు మూసుకునే ఉంది గానీ చెవులు రెండూ పొయ్యి మీదే ఉన్నాయి. ఇప్పుడు నేను చదవడం మొదలుపెడితే అమ్మాయి తెడ్డు వదిలేసి రావాలి. సంగటి గడ్డలు కడుతుంది. నా బతుకూ గడ్డకడుతుంది. ఆగాను. ఎంతసేపు ఆగానంటే, బయట గూడ్సు బండి ఒకటి కూతేసుకుంటూ వచ్చి, కుప్పం స్టేషన్లో నిలబడి, ఇంజనుకు నీళ్ళు పట్టుకుని, బెంగుళూరు వైపు వెళ్ళిపోయింది. హెడ్మాస్టరు గారు ఒక కన్ను తెరిచి నన్ను చూసి, ఎంత ధ్యానపరుడో అనుకుని మళ్ళీ మూసుకున్నారు. తెడ్డు చప్పుడు ఆగి, ఆమె వచ్చి కూర్చున్నాకనే గొంతు విప్పాను.

మూడోది కీర్తన చివర. కుండ దించిన చప్పుడు విని ఆమెన్ చెప్పాను.

విస్తళ్ళలో సంగటి ముద్దలు పడ్డాయి, పక్కన కోడిపులుసు. అవ్వ ఒక ముద్ద తుంచి, పులుసులో అద్ది, నోట్లో పెట్టుకుంది. నేను తినడం మరిచిపోయి ఆమె తల వైపే చూస్తున్నాను.

"అడుగంటలా" అంది అవ్వ. "ఆ బెంగుళూరబ్బి మెయిలు మాదిరి యాడా నిలపకుండా పోయినాడు. పిండి పోసే దానికే సందు ఈలేదు. ఆ చిత్తూరాయన నిలిపినాడు గానీ, నిలిపిన చోటంతా ఆ మాటకు అర్థం చెప్పబట్టినాడు. పిల్ల లేచేదెట్లా? మాడి ఇల్లంతా కంపు."

హెడ్మాస్టరు గారి చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. "అమ్మా, అది వాద్యాల కోసం పెట్టిన గుర్తు గదా. పాట ఆపి వీణలు మోగించమని."

"నీకు వీణలే గావచ్చు నాయనా. మా అత్త నాకు చెప్పింది వేరే. ఆ రాజు ఇంట్లోనూ ఆడోళ్ళు ఉండారు, పొయ్యి ఉండాది. 'ఇంత పొడుగు పాట పాడితే కూడు మాడిపోదా' అని ఆ రాణి అడిగిందంట. అందుకని ఆడాడ నిలిపినాడంట. నేను ఈ ఇంటికి వచ్చినకాణ్ణుంచి సెలా కాడ లేస్తానే ఉంటి. ఇప్పుడు పిల్ల లేస్తాది. కండ్లు మూసుకోనుంటావు, నీకెట్ల తెలుస్తాది?"

ఇన్నేళ్ళూ తన ధ్యానం పుణ్యాన మాడని సంగటి తింటూ వచ్చిన పెద్దమనిషి విస్తట్లోని ముద్దను కొత్తగా చూశారు. తర్వాత, హెడ్మాస్టరు కదా, ప్రశ్న నా వైపు తిప్పారు.

"మీరు చెప్పండి నాయనా. ఆ మాటకు అర్థమేమిటని మీ ఉద్దేశం?"

అవ్వ నమలడం ఆపింది. వంటింటి గడపలో అమ్మాయి పులుసు గిన్నె పట్టుకుని నిలబడింది.

"తెలీదండీ" అన్నాను. "నిలపమనుంటే నిలిపినాను."

అవ్వ తల నిలువుగా ఊపింది. సంబంధం కుదిరిపోయింది.

ఇక్కడితో ముగిస్తే మర్యాదగా ఉంటుంది. కానీ మొదట్లో మాట ఇచ్చాను. బస్సు నిజం. దూడ నిజం, చెప్పు సైజు దగ్గర మాత్రం మీ ఇష్టం. శెట్టిగారి ముని సంగతి నాకు తెలియదు గానీ శెట్టిగారు చెప్పడం నిజం. గూడ్సు బండి కూడా నిజంగా వచ్చింది, నీళ్ళు పట్టుకుందో లేదో చూడలేదు. నేను పుట్టించింది "తెలీదండీ" అన్న ఆ ఒక్క మాట. ఆ మాట నేను ఆ రోజు అనలేదు. నాకు గుర్తున్నంతవరకు ఏ రోజూ అనలేదు.

జరిగింది ఇది. అర్థమేమిటని ఆయన అడిగిందే తడవుగా రాజవైద్యుణ్ణి దింపాను. రాజుకు ఆయాసం తెప్పించాను. నాడి చూపించాను, కషాయం కాచాను. ఆ వైద్యుడి బావమరిదిగా శెట్టిగారి మునిని తెచ్చి కూర్చోబెట్టాను. దూడ చేత తాడు తెంపించాను. పెదనాయన హెచ్చరిక గుర్తుకు రాకపోలేదు, వచ్చింది, దాన్ని కూడా కథలో కలిపేశాను. విస్తళ్ళలో సంగటి చల్లారి బిగుసుకుపోతోంది. హెడ్మాస్టరు గారు చెయ్యి కడుక్కోవాలో ఉండాలో తెలియక చూస్తున్నారు. అవ్వ తల మెల్లగా అడ్డంగా కదలడం మొదలైంది. అది చూస్తూనే ఉన్నాను, నోరు మాత్రం దూడ వెనకే పరిగెత్తుతోంది.

అప్పుడు గడప దగ్గర నుంచి, పులుసు గిన్నె కూడా దించకుండా, ఆ అమ్మాయి నెమ్మదిగా అంది.

"సెలా."

ఆగిపోయాను. అడ్డంగా కదులుతున్న అవ్వ తల కూడా ఆగింది. తర్వాత అవ్వ భుజాలు కదిలాయి. నవ్వుతోందని తెలియడానికి కాస్త సమయం పట్టింది.

"ఇచ్చేయప్పా పిల్లను" అంది కొడుకుతో. "ఇది గాకుంటే ఈ అబ్బిని ఇంకెవురు నిలపతారు?"

పెళ్ళయి ఇన్నేళ్ళయింది. పరిగెత్తిన ఆ దూడ చివరికి ఏమైందో మా ఆవిడకు చెప్పాలని ఎన్నిసార్లు మొదలుపెట్టానో. ఇంతవరకు చెప్పనివ్వలేదు.