రెండో సాక్ష్యం

మా మేనత్త మొన్న బుధవారం పోయింది. కలకత్తాలో ఖిదిర్‌పూర్ డాక్ క్వార్టర్ల దగ్గర మా తెలుగు చర్చిలో ఏళ్ళ తరబడి ఆదివారం బడి నడిపిన మనిషి. సమాధి దగ్గర సంఘ పెద్ద గొంతు సవరించుకుని, "మన అక్క కొద్దిపాటి అనారోగ్యంతో ప్రభువు సన్నిధికి చేరింది" అన్నాడు. కొద్దిపాటి అనారోగ్యమట! రొమ్ము క్యాన్సర్ అని పలికితే ఆయన నాలుక ఊడి పడుతుంది కాబోలు.

బడిలో వాక్యం అప్పజెప్పలేక నీళ్ళు నమిలే పిల్లల్ని అత్త తిట్టేది కాదు. "గుర్తున్నంత సెప్పి కూకో. లేనిది కల్పించకు" అనేది. నాకు నిజం చెప్పడం నేర్పింది ఆవిడే.

కొన్నేళ్ళ కిందట అత్తకి రొమ్ము తీసేశారు. తేరుకున్నాక మా ఆనవాయితీ ప్రకారం ఆరాధనలో లేచి, దేవుడు తనను పూర్తిగా స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పింది. ఆ రోజు నుంచి ఆ సాక్ష్యం సంఘం సొత్తయింది. ఆంధ్రా నుంచి వచ్చిన ప్రతి బోధకుడికీ ఆవిణ్ణి చూపించేవాళ్ళు. అలాంటి మనిషికి జబ్బు తిరగబెడితే దేవుడికి మాట వస్తుందని ఈ మహానుభావుల భయం. దేవుడి పరువు కాపాడమని వీళ్ళని ఎవరు పెట్టారో!

అందుకే ఎడమ చెవి కింద వాపు రాగానే అందరూ కలిసి గవదబిళ్ళ అని తేల్చేశారు. అరవై దాటిన మనిషికి గవదబిళ్ళ! బంగారం తగిలితే తగ్గుతుందని సంఘ పెద్ద భార్య తన గొలుసు తెచ్చి అత్త మెడలో వేసింది. "పెళ్లికూతురిలా ఉన్నానేటే?" అని అత్త నన్నడిగింది. వాపు తగ్గలేదు. నవ్వితే మూతి ఓ పక్కకి పోవడం మొదలైంది.

డాక్టరు దగ్గరికి పెద్దాయన కూడా తగుదునమ్మా అని బయల్దేరాడు. ఇంతకు ముందు పెద్ద జబ్బేమైనా చేసిందా అని డాక్టరు అడిగితే, అత్త నోరు తెరిచేలోపే "కిచ్ఛు నా, దాదా" అని ఏమీ లేదనేశాడు. సూది పరీక్షలో లాలాజల గ్రంథిలో క్యాన్సర్ అని వచ్చింది. అక్కడే పుట్టిందనుకుని డాక్టరు చెంప కోయడానికి సిద్ధమయ్యాడు.

బయటికొచ్చాక పెద్దాయన, "పాత సంగతి ఎత్తకమ్మా. సాక్ష్యం అబద్ధమైపోద్ది" అన్నాడు.

అత్త ఎగాదిగా చూసింది. "మీ దేవుడంత పిరికోడేటి బాబూ? నా దేవుడు కాడు."

మర్నాడు నన్ను మాత్రమే వెంటబెట్టుకు వెళ్ళి, డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన మళ్ళీ పరీక్షలు చేయించాడు. పాత రొమ్ము క్యాన్సరే చెవి కిందికి పాకిందని తేలింది. చెంప కోత తప్పింది, మందు మారింది. పూర్తిగా నయం కాదని కూడా ఆయన దాచలేదు. ఆ మందుతో అత్త ఇంకో రెండు క్రిస్మస్‌లు చూసింది. ఆ పెద్దమనుషుల మాట విని ఉంటే అవి కూడా దక్కేవి కావేమో.

పరీక్షల ఫలితం తెలిసిన వారమే, ఆదివారం సాక్ష్యాల వేళ అత్త లేచింది. పెద్దాయన పాట ఎత్తుకోమని హార్మోనియం వైపు సైగ చేశాడు. అత్త లెక్కచెయ్యలేదు.

"నాకు రొమ్ము క్యాన్సరు మళ్ళీ వచ్చింది" అంది, వంకర పోయిన మూతితోనే. "దేవుడేటీ మారిపోలేదు, కంగారు పడకండి. ఒంట్లో గడ్డ తగిల్తే మాత్రం నాలాగ నోరు మూసుకుని కూకోకండి."

ఆడవాళ్ళ వైపు చివరి వరసలో పెద్దాయన భార్య మెల్లగా పమిట లోపలికి చెయ్యి పోనిచ్చి, ఒకచోట ఆపి, ఆ చెయ్యి అక్కడే ఉంచేసింది.