దవడ కట్టు

పోయిన శుక్రవారం పొద్దున మొయినాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. మా ట్యూటరమ్మ తెల్లవారుజామున పోయింది. చెప్పింది సురంగల్. "పోయింది, రావే" అని పెట్టేసింది.

సురంగల్ అంటే ఇక్కడ ఊరు కాదు, మనిషి. పట్నంలో యూనివర్సిటీ నర్సింగ్ స్కూల్లో మాకు చదువు చెప్పిన ట్యూటరమ్మ, పిల్లల్ని ఊరి పేర్లతోనే పిలిచేది. నేను చేవెళ్ల. హాస్టల్లో నా పక్క మంచం పిల్ల సురంగల్. ముసలివాళ్లమయ్యాం గానీ ఆ పేర్లు పోలేదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి పట్నంలో కాలేజీలు మూతపడ్డాయి. మాకు మాత్రం ఒక్క పాఠం తప్పలేదు. దవాఖానకు లేని సెలవు మీకెందుకు అనేది ట్యూటరమ్మ. లాఠీ దెబ్బలకూ తూటా గాయాలకూ కట్లు కడుతూనే నేర్చుకున్నాం. ఎవరి కళ్లలో నీళ్లు కనబడ్డా "ఏడ్చుడు డ్యూటీ దిగినంక" అనేది. ఎందరికో ఆ ఏడాది చదువు పోయింది. మా బ్యాచికి పోలేదంటే ఆమె వల్లనే. ఆ చదువుతోనే రిటైరయ్యేదాకా చేవెళ్ల దవాఖానలో పనిచేశాను. ఆమె మీద కోపం లేదని రాయలేను. ఆమె పెట్టిన అన్నమే తిన్నానని కూడా రాయాలి.

ప్రాక్టికల్ పరీక్షకు ఆమె పద్ధతి ఒకటే. ఆ రోజు వార్డులో ఎవరికి ఏ పని పడితే అదే వాళ్ల పరీక్ష. సురంగల్‌కు అప్పుడే ప్రాణం పోయిన మనిషిని సర్దే పని పడింది. ఒళ్లు తుడవాలి, కళ్లు మూయాలి. అన్నిటికంటే ముందు దవడ కింది నుంచి నెత్తిమీదికి గుడ్డ కట్టాలి. ఆలస్యమైతే దవడ బిగుసుకుని నోరు తెరిచే ఉండిపోతుంది.

సురంగల్ దుప్పటి తీసింది. ఊరేగింపులో తూటా తగిలిన వాళ్లన్న.

నేను చేస్తానని ముందుకు పోయాను. ట్యూటరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"పని ఎవరిదో పరీక్ష వాళ్లదే."

చనిపోయింది ఎవరో ట్యూటరమ్మకు ముందు తెలియదు. తెలిశాక కూడా మార్చలేదు. సురంగల్ తన అన్న చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయింది. ట్యూటరమ్మ చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది. తానైనా కట్టవచ్చు. కట్టలేదు. దవడ బిగుసుకుపోయాక ఫెయిల్ రాసింది. బండిలో ఇంటిదాకా వాళ్లవ్వ ఆ నోటిని అరచేత్తో మూసి పట్టుకునే కూర్చున్నదట.

మా బ్యాచిలో తప్పింది ఒక్కరే. ఆరు నెలలకు మళ్లీ రాయించమని సురంగల్ వాళ్ల బాపుకు ట్యూటరమ్మ చెప్పింది. సురంగల్ రాలేదు. కూలికి పోయింది.

చివరికి ట్యూటరమ్మ మొయినాబాద్‌లో తన ఇంట్లో మంచాన పడింది. నా అన్నవాళ్లు లేరు. సురంగల్‌ను పిలిపించుకుంది. ఈమె ఎందుకు పోయిందో నాకు తెలియదు. అడిగితే "పిలిచింది, పోయిన" అనేది. అన్నాళ్లు మంచంలో ఉన్నా ట్యూటరమ్మ ఒంటిమీద ఒక్క పుండు లేదు. ఒకసారి నేను చూడపోయినప్పుడు సురంగల్ దుప్పటి మారుస్తోంది. ట్యూటరమ్మ పడుకునే ఉండి, దుప్పటి మూల ఒక ముడత చూసి నాతో అంది:

"చూడు చేవెళ్ల, ఫెయిలైన చెయ్యి ఫెయిలైనట్టే ఉంటది."

సురంగల్ దుప్పటి తీసి మళ్లీ పరిచింది.

శుక్రవారం నేను చేరేసరికి మధ్యాహ్నమైంది. ట్యూటరమ్మకు స్నానం చేయించి, తెల్లచీర కట్టి, తల దువ్వి ఉంది. గోళ్లు కూడా తీసి ఉన్నాయి. నోరు మాత్రం తెరిచి ఉంది. గడ్డం కింద చెయ్యి పెట్టి ఎత్తి చూశాను. కదలలేదు.

"పక్కనే ఉంటివి గదనే. కట్టలేదా?"

సురంగల్ మంచం కాళ్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"నేను ఫెయిలైన గద చేవెళ్ల. నాకెట్ల వస్తది?"

పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. ముఖం మీద తెల్లగుడ్డ కప్పారు. నోటి దగ్గర గుడ్డ లోపలికి గుంట పడింది. సురంగల్ వంగి, ఆ గుడ్డ నాలుగు మూలలూ ముడత లేకుండా సరిచేసింది. గుంట జోలికి పోలేదు.