ఎడారికి ముందు పెరుగన్నం

మొన్న జనవరిలో, శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు, జైసల్మేర్ హోటల్ గదిలో ఈ పెరుగన్నం గొడవ మొదలైంది. ఇసుక దిబ్బల మీద సూర్యాస్తమయం చూడాలని నా కోడలికి ఎన్నాళ్లుగానో కోరిక. దానికోసమే కలకత్తా దగ్గరి లిలువా నుంచి అంత దూరం వచ్చాం. జీపు ఎక్కే ముందు ఏమీ తినవద్దని గైడు చెప్పాడు. కానీ పెరుగన్నం తినకుండా ప్రయాణానికి బయలుదేరడం మా ఇంట్లో లేదు.

“అత్తా, ఆ గైడు దాదా ఒద్దన్నాడు కదా,” అంది కోడలు.

“ఆడికేటి తెలుసు? నువ్వూ రెండు ముద్దలు తినీ.”

ఆమె నవ్వి తప్పించుకుంది. నేను గిన్నె ఖాళీ చేశాను.

ఇసుక మొదలైన చోట, చక్రాలు కూరుకుపోకుండా, డ్రైవరు టైర్లలో గాలి కొంత తీసేశాడు. రెండో దిబ్బ దిగుతుండగా నాకు వాంతి అయింది. కోడలు తన చున్నీ అడ్డుపెట్టింది. జీపు ఆగాక మిగతావాళ్లు సూర్యుణ్ణి చూడటానికి దిబ్బ ఎక్కారు. నేను లేవలేకపోయాను. ఆమె నా పక్కనే కూర్చుని నుదురు తుడుస్తోంది.

“నువ్వెల్లి చూడే,” అన్నాను.

“లిలువాలో సూరీడు లేడేటి అత్తా?” అంది.

ఆమె ముఖం చూడలేకపోయాను.

పోయినవి: ఒక కొత్త చున్నీ, ఆమె సూర్యాస్తమయం.