ఎడమచేతి చుట్టు

గద్వాలలో పాతకాలపు గాజు వాల్వుల యాంప్లిఫయర్లు బాగుచేసేవాడు కురుమూర్తి ఒక్కడే మిగిలాడు. ఆయన చేతికి వచ్చే వాల్వు యాంప్లిఫయరూ ఇప్పుడు ఒక్కటే. ధరూర్ దగ్గరి ఒక ప్రార్థన మందిరం కోసం నలభై ఏళ్ల కింద ఆయనే దాన్ని తయారుచేసి ఇచ్చాడు. మొన్న దాని ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. సంఘం పెద్ద ప్రేమ్ కుమార్ దాన్ని తెచ్చి, ఆదివారం ఆరాధనకు అందకపోతే పాతసామాన్ల వాడికి ఇచ్చి కొత్తది కొంటామని మెత్తగా చెప్పాడు. ఆ మెత్తదనమే కురుమూర్తిని కుదురుగా కూర్చోనివ్వలేదు. ఇదీ పోతే ఇక తను మిక్సీలు బాగుచేసే మనిషి, అంతే.

అలాంటి ట్రాన్స్‌ఫార్మర్ బజారులో దొరకదు. చేనేత ఇంట పుట్టినవాడు కాబట్టి, ఇంట్లో నేతకు నూలు కండెలు చుట్టే రాట్నానికే కాలినదాని చట్రం తగిలించి రాగితీగ చుట్టుకున్నాడు. శనివారం పొద్దున దుకాణంలో బిగించి స్విచ్చి వేస్తే స్పీకరు ఊళ పెట్టింది. వాల్వులు మార్చాడు, కెపాసిటర్లు మార్చాడు. ఊళ ఆగలేదు. చాయ్ చల్లారిపోయింది. చివరికి స్పీకరు దగ్గరినుంచి మొదటి వాల్వుకు వెనక్కి వచ్చే సన్నని తీగను విప్పితే ఆగింది.

అప్పుడే మందిరంలో పాడే బాలమణిని తీసుకుని ప్రేమ్ కుమార్ వచ్చాడు. ఆమె మైకు ముందు ఒక్క చరణం పాడి ఆపేసింది.

"నేనొక్కదాన్నే పాడుతున్న గదన్నా. ఎనక ఇంకెవలో రేకుడబ్బల నోరువెట్టి పాడుతున్నట్టున్నది."

ఆమె అన్నది నిజమే. వాల్వు స్వరాన్ని పెంచేటప్పుడు దానికి రెట్టింపు, మూడు రెట్ల స్వరాలను తానే పుట్టించి కలుపుతుంది. బయటికి పోయే ధ్వనిలో పిసరంత తలకిందులు చేసి మొదటికి తెస్తే, ఆ వంకర చాలావరకు చెరిగిపోతుంది. ఆ వెనక తీగ పని అదే. ఇన్నేళ్లు పనిచేసిన తీగ ఇప్పుడెందుకు ఎదురు తిరిగింది?

సాయంత్రం దాకా చూస్తామని చెప్పి వాళ్లు వెళ్లిపోయారు.

కురుమూర్తి ఇంటికి పోయి నిలబడే నాలుగు ముద్దలు తింటున్నాడు. భార్య అలివేలు కండెలు చుడుతోంది. ఆయన చూపు ఆమె చేతి మీద ఆగింది.

"నిన్న భుజం గుంజుతున్నదని సగంల లేచి నేను దుకాణానికి పోతే, స్పీకరు దిక్కు తీగె నువ్వే చుట్టినవ్ గదా?"

"నువ్వు చుట్టుమంటెనే చుట్టిన. చుట్లు ఒక్కటి తప్పలే."

"ఏ చేత్తోని?"

"పెండ్లయినప్పటిసంది చుడుతున్న. ఇయ్యాల అడుగుతున్నవా?"

అలివేలుది ఎడమచేతి వాటం. ఆమె చేతిలో రాట్నం అవతలి దిక్కుకు తిరుగుతుంది. కండెకు ఏ దిక్కయినా ఒకటే, ట్రాన్స్‌ఫార్మర్‌కు కాదు. ఆయన చుట్టింది ఒక దిక్కు, ఆమె చుట్టింది ఇంకో దిక్కు. వెనక తీగలో తలకిందులుగా రావలసింది నేరుగా వచ్చి, చెరపవలసిన దాన్నే ఇంకా పెంచుతోంది. అందుకే ఆ ఊళ.

చెయ్యి కడిగాడో లేదో, దుకాణానికి పరుగెత్తాడు. స్పీకరుకు పోయే రెండు తీగలను అటుది ఇటు, ఇటుది అటు మార్చి అతికాడు. వెనక తీగ కలిపి స్విచ్చి వేశాడు. చప్పుడే లేదు. మైకు మీద వేలితో తట్టాడు. స్పీకరు టక్కుమంది.

సాయంత్రం బాలమణి మొదటి చరణం పాడి, ఎవరూ అడగకుండానే రెండోది అందుకుంది. ప్రేమ్ కుమార్ యాంప్లిఫయర్‌ను తానే ఎత్తి ఆటోలో పెట్టుకుని, ఇంకో ఏడాది నడవనీ అన్నాడు. కురుమూర్తి అరలో మిగిలిన వాల్వులు చూసుకున్నాడు. రెండే ఉన్నాయి.

ఇంటికి రాగానే రాట్నం మీద సుద్దముక్కతో తన చెయ్యి తిరిగే దిక్కుకు బాణం గీశాడు.

"నా చెయ్యి తిరిగే దిక్కు గియ్యి," అంది అలివేలు. "నీ భుజం ఇంకెన్నిసార్లు చుడతది?"

ఆయన బాణం తుడిచి, మళ్లీ గీశాడు.